విప్పమంటే బిగించే మామయ్య

మా మామయ్య చేతికి ఏ సీసా ఇచ్చినా ముందు దాని మూత ఇంకాస్త బిగిస్తాడు. తీసిపెట్టమని ఇచ్చిన సీసాయే. మనం ఆకలితో నకనకలాడుతూ చెంచా పట్టుకుని నిలబడి ఉంటాం. ఆయన మాత్రం తాపీగా మూతను బిగిసే వైపు ఒక్క నొక్కు నొక్కి, ఆ తర్వాతే వెనక్కి తిప్పుతాడు. నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. "మామయ్యా, తీయమని ఇచ్చాను, మూయమని కాదు" అని అరిస్తే, "వస్తుందే, దాన్ని కాస్త నిద్ర లేవనీ" అంటాడు. మూత వస్తుంది, కాదనను. అది వచ్చేలోపల నా ప్రాణం పోతుంది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. నీళ్ల పంపులు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన పంపులు అక్కడికి వస్తాయి. వాటి బోల్టులకు ఉడుంపట్టు. తలలు అరిగిపోయి, తుప్పు పట్టి, ఏది బోల్టో ఏది పంపో తెలియకుండా కలిసిపోయి ఉంటాయి. మిగతావాళ్లు చెమటలు కక్కి, తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, చివరికి దాన్ని తెచ్చి మామయ్య బల్లమీద పడేస్తారు. ఆయన తుప్పు గీకుతాడు. నూనె పోస్తాడు. సుత్తితో చుట్టూ చిన్నగా తడతాడు. పిల్లల్ని జోకొడుతున్నాడా అనిపిస్తుంది. అప్పుడు పానా పెట్టి ముందు బిగిస్తాడు. పిసరంత. తర్వాత వెనక్కి. మళ్లీ బిగింపు, మళ్లీ వెనక్కి. అలా ముందుకూ వెనక్కూ ఊపుతూ ఊపుతూ ఉంటే అది ఎప్పుడో ఒకప్పుడు మెత్తబడి బయటికి వచ్చేస్తుంది.

"మొండిదాన్ని వెళ్లిపొమ్మంటే ఇంకా బిగదీసుకుంటుంది. ఉండవే అని లోపలికే తోస్తే, అప్పుడు కదులుతుంది. ఒకసారి కదిలిందా, ఇక మన మాట వింటుంది" అని ఆయన సిద్ధాంతం. వర్క్‌షాపులో అందరూ ఆయన్ని 'బిగింపు' అనే పిలుస్తారు. వీధిలోనూ అదే పేరు. ఉత్తరాలు తెచ్చే మనిషి కూడా "బిగింపుగారిల్లు ఇదేనా?" అని అడుగుతాడు.

బోల్టుల దగ్గర ఆగితే బాగానే ఉండును. మనుషుల దగ్గరా ఆయనది ఇదే వరస. అత్తయ్యకు పెళ్లికి ముందే కారు నడపడం వచ్చు. అప్పట్లో ఇంట్లో ఉన్న కారులో మా తాతయ్యను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది ఆవిడే. ఆడవాళ్లకు డ్రైవింగు నేర్పుతానని ఒకరోజు ఇంట్లో చెప్పింది. మా తాతయ్య అంతెత్తున లేచాడు. "మనింటి కోడలు రోడ్డున పడి ఊరందరికీ స్టీరింగు తిప్పడం నేర్పుతుందా?" అన్నాడు. అత్తయ్య మొగుడి వైపు చూసింది. మామయ్య చేతులు కట్టుకుని, "నిజమే నాన్నా. అసలు ఆవిడ కారు ముట్టుకోవడమే తప్పు. రేపట్నుంచి మిమ్మల్ని కంటి డాక్టరు దగ్గరికి బస్సులోనే తీసుకెళ్తాను" అన్నాడు. అత్తయ్య ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు తాతయ్య బస్సులో వెళ్లాడు. ఎవరిదో మోచెయ్యి తగిలి కళ్లజోడు కింద పడింది, ఎవరిదో కాలు దానిమీద పడింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "ఆ అమ్మాయి ఏదో నేర్పుతానందిగా, నేర్పనీరా. కాదనడానికి నువ్వెవడివి?" అని మామయ్యమీదే గయ్యిమన్నాడు. మామయ్య తల వంచుకుని, "మీరు చెప్పాక ఇంకేముంది నాన్నా" అన్నాడు.

అలా మొదలైన అత్తయ్య డ్రైవింగు క్లాసుకి ఇప్పుడున్నది ఒకే ఒక్క కారు. పోయినేడు పక్కవీధి ముసలి డాక్టరుగారి దగ్గర తీసుకున్నది. అది అత్తయ్యకంటే వయసులో పెద్దది. గేరు మారిస్తే మూలుగుతుంది, హారను కొడితే దగ్గుతుంది. దాని వయసు కనపడకూడదని అత్తయ్య దానికి వెండిరంగు పూసింది. అత్తయ్యకు వెండిరంగు పిచ్చి. కిటికీ ఊచలకీ గేటుకీ పూయగా మిగిలినదంతా కారు చక్రాలకీ, వాటి నట్లకీ, బోల్టుల చివర్లకీ పట్టించి, "చూడు, కొత్త పెళ్లికూతురిలా లేదూ!" అని మురిసిపోయింది. ఈ రంగు సంగతి గుర్తుంచుకోండి. పని పడుతుంది.

ఆ కారుమీదే టైలరమ్మ డ్రైవింగు నేర్చుకుంది. మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకుని అందరికీ బట్టలు కుట్టే మనిషి. మా ఇంట్లో ఆవిడ సూది పడని గుడ్డ లేదు. బేకరీవాళ్లు రొట్టెలు పంచే వ్యానుకి డ్రైవరు కావాలన్నారని తెలిసిన రోజున వచ్చి అత్తయ్య ముందు నిలబడి, "నాకు నేర్పండి మేడమ్" అంది. నేనక్కడే ఉన్నాను. "అక్కడ కూడా రోజంతా కూర్చునే పనేగా?" అన్నాను. "కూర్చునేదేనమ్మా. కానీ ఆ కుర్చీ కదులుతుంది కదా!" అంది. ఆ మాటతో ఆవిడంటే నాకు ప్రేమ పుట్టింది.

ముందుకు పోవడం చిటికెలో నేర్చుకుంది. వెనక్కి రావడం దగ్గరే వచ్చింది తంటా. లైసెన్సు పరీక్షకి రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ అక్కడే తప్పింది. రెండు కర్రల మధ్యలోకి కారును వెనక్కి తెచ్చి ఆపాలి. అధికారి "వెనక్కి" అనగానే ఆవిడ కంగారుపడిపోయి, ఉన్నచోటునుంచే సర్రున వెనక్కి లాగించి కర్రను పడగొట్టేది. నేర్చుకునేవాళ్లకిచ్చే కాగితం గడువు ఇక ముగియబోతోంది. గడువులోగా మిగిలింది ఒక్కటే పరీక్ష. ఆ పరీక్ష మర్నాడు పొద్దున్నే లైసెన్సు చూపిస్తే వ్యాను తాళాలు ఆవిడవి, లేకపోతే ఇంకొకరివి. బేకరీవాళ్లు ఖండితంగా చెప్పేశారు.

ఆ మూడో పరీక్ష రోజు పొద్దున టైలరమ్మ తనే కుట్టుకున్న కొత్త బట్టలు వేసుకుని మా గేటు ముందు నిలబడింది. నేనూ సిద్ధం. ఇలాంటి వేడుక వదులుకునే రకాన్ని కాను. అత్తయ్య తాళాలు ఊపుకుంటూ బయటికొచ్చి, కారు చూసి, "అయ్యో!" అంది. ముందువైపు ఎడమ టైరు నేలకు అతుక్కుపోయి ఉంది. పక్కన ఇంత పొడుగున చీలింది. గాలి కొట్టినా నిలవదు. దరఖాస్తులో రాసిన కారులోనే పరీక్షకు రావాలని నియమం కాబట్టి ఇంకొకరి కారు తీసుకెళ్లడానికీ లేదు.

"కంగారెందుకు, స్టెప్నీ ఉందిగా!" అంటూ వచ్చాడు బావ. అంటే మామయ్య కొడుకు. రోజూ బరువులెత్తి కండలు పెంచాడు. ఇంట్లో అందరం పహిల్వాన్ అంటాం, అది వెక్కిరింపని ఆయనకింకా తెలియదు. చక్రం నేలమీద ఉండగానే నట్లు వదులు చేసుకోవాలి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. ఆ సంగతి తెలుసు ఆయనకి. పానా పెట్టి ఎడమవైపుకి తిప్పాడు. నట్టు కదల్లేదు. రెండోదీ కదల్లేదు. ఐదింట్లో ఒక్కటీ కదల్లేదు.

"తప్పుకోండి అందరూ" అన్నాడు. మేం అప్పటికే దూరంగా ఉన్నాం. పెరట్లోంచి ఇనప గొట్టం తెచ్చి పానా చివర తొడిగి, దానిమీద వేలాడాడు. తర్వాత ఎక్కి నిలబడ్డాడు. తర్వాత ఎగిరాడు.

"నువ్వు ఎగిరితే కారు కదులుతోందిరా, నట్టు కదలడం లేదు" అంది అత్తయ్య.

ఇంకోసారి ఎగిరాడు. పానా జారింది. బావ వెల్లకిలా పడ్డాడు. లేచి చూస్తే ఆ నట్టు అంచులన్నీ కొట్టుకుపోయి గుండ్రంగా తయారైంది. ఇక దానిమీద పానా పట్టే దారి లేదు. టైలరమ్మ మొహం చిన్నబోయింది. "వదిలేయండి మేడమ్, నా రాత ఇంతే. ఆ కుట్టుమిషనే నాకు గతి" అంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరిమీద కోపమో తెలియక గొట్టాన్ని ఒక్క తన్ను తన్ని, వేలు నొప్పెట్టి గెంతాను.

అత్తయ్య మామయ్యకి ఫోను చేసింది. వర్క్‌షాపు దగ్గరే. సంచీ తగిలించుకుని సైకిలుమీద వచ్చాడు. వచ్చినవాడు చటుక్కున పని మొదలెడతాడా? లేదు. నేలమీద చతికిలపడి చక్రం వైపు కాసేపు చూశాడు.

"మామయ్యా! ఆలస్యం అమృతం విషం అన్నారు" అన్నాను, ఉండబట్టలేక.

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారే. ఇద్దరూ మనవాళ్లే" అన్నాడు. సంచీలోంచి ఇనప బ్రష్షు తీశాడు.

నట్ల మొదట్లో రంగూ తుప్పూ గీకాడు. నూనె పోశాడు. సుత్తితో తట్టాడు. ఆగాడు. ఆ ఆగడం మాత్రం నావల్ల కాలేదు. టైలరమ్మ గేటు పట్టుకుని నిలబడి పెదాలు కదిలిస్తోంది. క్లచ్చు, గేరు, అద్దం అని వరసగా చదువుకుంటోందేమో. అప్పుడు మామయ్య పానా తీసుకుని, అంచులు బాగున్న ఒక నట్టుకి తగిలించి, కుడివైపుకి నొక్కాడు.

"అదిగో, మొదలెట్టాడు! పొద్దుట్నుంచీ అది బిగుసుకుపోయే కదా మా తిప్పలు. మళ్లీ బిగిస్తావేంటి నాన్నా?" అని బావ తల పట్టుకున్నాడు.

టక్కుమంది. నట్టు కదిలింది!

నేను కేక పెట్టాను. అత్తయ్య చప్పట్లు కొట్టింది. మామయ్య ఏ ఉత్సాహమూ చూపించకుండా ఎప్పటిలాగే వెనక్కి తిప్పాడు. నట్టు కదిలినంత మేరా వెనక్కి వెళ్లి, మొదటి చోటికే చేరి, మళ్లీ బిర్రబిగుసుకుంది. మళ్లీ కుడివైపు బిగించాడు. ఈసారి ఇంకాస్త తేలిగ్గా, ఇంకాస్త ఎక్కువ తిరిగింది. వెనక్కి తిప్పాడు. మళ్లీ అక్కడికే వచ్చి ఆగిపోయింది. మూడోసారి బిగించినప్పుడు ఇట్టే తిరిగింది. మామయ్య చెయ్యి ఆగిపోయింది. ఆయన మొహంలో అలాంటి ఆశ్చర్యం నేనెప్పుడూ చూడలేదు.

"ఒరేయ్" అన్నాడు మెల్లిగా. "ఇది బిగించేకొద్దీ వదులవుతోందిరా."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన ముందుకు వంగి, నట్టులోంచి బయటికి పొడుచుకొచ్చిన బోల్టు చివరను బొటనవేలి గోటితో గీకాడు. వెండిరంగు పొట్టులా రాలింది. కింద ఇనుములో ఇంగ్లీషు ఎల్ అక్షరం చెక్కి ఉంది, లెఫ్టు అని. మామయ్య తల వెనక్కి వాల్చి పకపకా నవ్వాడు. "ఉల్టా మర! ఉల్టా మరే ఇది! పాత కార్లు కొన్నిటికి ఎడమవైపు చక్రాలకి మర తిరగేసి ఉంటుందని, కుడికి తిప్పితేనే ఊడుతుందని వినడమేగాని నేనెప్పుడూ చూడలేదు. చక్రం తిరిగే ఊపుకి నట్లు ఊడిపోకుండా అలా పెట్టేవాళ్లు. కుడివైపు చక్రం ఒకసారి నేనే మార్చాను, అది మామూలుగానే వచ్చింది. ఇదీ అంతే అనుకున్నాం అందరం."

గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే. అత్తయ్య పూసిన రంగు కింద అసలు సంగతి హాయిగా దాక్కుని ఉంటే, బావ దానిమీద ఎగిరి గంతులేశాడు.

అత్తయ్య నడుంమీద చేతులు పెట్టుకుని కొడుకు వైపు తిరిగింది. "అంటే నువ్వు పొద్దుట్నుంచీ బిగిస్తున్నావన్నమాట. విప్పమంటే బిగించావు. తండ్రికి తగ్గ కొడుకువిరా!" టైలరమ్మ కూడా ఫక్కున నవ్వేసింది. ఆ రోజు ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఇక చూడాలి జోరు! నాలుగు నట్లు చకచకా వదులయ్యాయి. మిగిలింది బావ గుండు చేసిన నట్టు. పరీక్ష వేళ ముంచుకొస్తోంది. మామయ్య ఆకురాయి తీసి, ఆ గుండ్రటి నట్టుకి ఎదురెదురుగా రెండు పక్కలు చదునుగా అరగదీయడం మొదలెట్టాడు. రజను రాలుతోంది, ఆయన నుదుటినుంచి చెమట రాలుతోంది. తర్వాత కొంచెం చిన్న పానా తీసి, సుత్తితో కొట్టి కొట్టి ఆ చదును పక్కలమీదికి ఎక్కించాడు. అది బిగువుగా కూర్చుంది.

"రా పహిల్వాన్. ఇప్పుడు కావాలి నీ కండలు" అన్నాడు కొడుకుతో.

బావ గొట్టం తొడిగి పట్టుకున్నాడు. పాపం, పొద్దున్న పడ్డ దెబ్బకి తనమీద తనకే నమ్మకం పోయింది. "ఎటు నాన్నా?"

"బిగించు!"

"బిగించు బావా, బిగించు!" అని నేను అరిచాను. "బిగించరా!" అని అత్తయ్య. "బిగించండి బాబూ!" అని టైలరమ్మ. ఈ గోలకి పక్కింటివాళ్లు గోడమీంచి తొంగిచూశారు. ఊడదీయాల్సిన చక్రం దగ్గర నిలబడి ఇంటిల్లిపాదీ బిగించు బిగించు అని గొంతు చించుకుంటుంటే వాళ్లేమనుకున్నారో ఏమో, వాళ్లూ "బిగించు!" అని అందుకున్నారు. బావ మెడ నరాలు ఉబ్బాయి. నట్టు కీచుమని మూలిగింది. ఆగింది. మళ్లీ మూలిగింది. మామయ్య దానిమీద చెయ్యి వేసి, "వస్తోంది, వస్తోంది, నిద్ర లేచింది" అన్నాడు. ఒక్కసారిగా గొట్టం గిర్రున తిరిగి బావ మళ్లీ వెల్లకిలా పడ్డాడు. ఈసారి పడి కూడా నవ్వుతున్నాడు.

టైలరమ్మ వంగి, మసిబారిన ఆ నట్టును తీసి గుప్పిట్లో పెట్టుకుంది. కొత్త బట్టలకు నూనె అంటుతుందన్నా వినలేదు.

జాకీ ఎత్తి, స్టెప్నీ ఎక్కించి మిగతా నాలుగు నట్లూ బిగించాం. బావ అలవాటుకొద్దీ కుడివైపుకి తిప్పబోతే మామయ్య చేతిమీద ఒక్కటి వేశాడు. "ప్రస్తుతానికి నాలుగు చాలు. గుంటల్లో మాత్రం పోనీయకు" అని అత్తయ్యకు చెప్పి, సైకిలు గోడకి ఆనించి తనూ వెనక సీట్లో ఎక్కాడు.

మేం పరీక్ష పెట్టే మైదానం చేరేసరికి ఆవిడ పేరు పిలుస్తున్నారు. టైలరమ్మ అత్తయ్య సీట్లోకి మారింది, అధికారి పక్కన కూర్చున్నాడు. మేమంతా ఇనప కంచె బయట. కారు మూలిగి బయల్దేరింది. మలుపు తిరిగింది. ఎత్తు ఎక్కింది. బాగానే ఉంది. తర్వాత రెండు కర్రల ముందుకొచ్చి ఆగింది. రెండుసార్లు ఓడిపోయిన చోటు అదే. అధికారి చెయ్యి వెనక్కి ఊపడం కనపడింది.

కారు కాసేపు కదల్లేదు. తర్వాత కదిలింది, ముందుకి.

"అయ్యో, ముందుకు పోతోందేమిటి! వెనక్కి కదా రమ్మన్నాడు!" అని అత్తయ్య కంచె పట్టుకుని ఊపేసింది. "పోయింది, అంతా పోయింది" అన్నాడు బావ.

మామయ్య మాత్రం కళ్లు చికిలించి చూస్తూ, "ఆగండి. బిగిస్తోంది" అన్నాడు.

కారు కొంచెం ముందుకెళ్లి ఆగింది. చక్రాలు మెల్లిగా పక్కకి తిరిగాయి. అప్పుడు వెనక్కి రావడం మొదలెట్టింది. సర్రున కాదు, తాపీగా, ఊపిరి పీల్చుకుంటూ వచ్చింది. కాస్త వంకర వచ్చింది. ఆగింది. మళ్లీ పిసరంత ముందుకెళ్లింది. మళ్లీ వెనక్కి. రెండు కర్రల నడుమకి వచ్చి చక్కగా నిలబడింది. ఏ కర్రా కనీసం ఊగలేదు.

నేను అరిచిన అరుపుకి ఆ మైదానంలో ఇంకెవరో పరీక్షలో ఉన్నాయన ఠక్కున బ్రేకు వేశాడు. అధికారి దిగి కాగితంమీద సంతకం పెడుతూ, "వెనక్కి రమ్మంటే ముందుకు పోయారేమిటమ్మా? ఇందాక ఒక్క క్షణం భయపడ్డాను" అన్నాడు.

టైలరమ్మ గుప్పిట విప్పింది. అరచేతినిండా నూనె, మధ్యలో అంచులు పోయిన నట్టు. స్టీరింగు పట్టుకున్నంతసేపూ దాన్ని వేళ్ల మధ్యే ఉంచుకుందన్నమాట. కంచె వైపు మామయ్యను చూపిస్తూ, "అది మా అన్నయ్యగారి పద్ధతండీ" అంది.

మామయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలెట్టాడు. చాలాసేపు తుడిచాడు. ఇంట్లో మేం దాన్ని చాదస్తం అన్నాం, వర్క్‌షాపులో పేరు పెట్టి వెక్కిరించారు. దాన్ని పద్ధతి అన్నది మాత్రం ఆవిడే.

ఇంటికొచ్చేదాకా వెనక సీట్లోంచి ఆయన అత్తయ్య భుజం తడుతూనే ఉన్నాడు. "ఏమోయ్, విన్నావా? పద్ధతట."